పోయిన 14 కిలోలు

రెండేళ్ళ క్రితం ఉగాదికి మా ఊళ్ళో తెలుగువాళ్ళం ఎప్పట్లాగే స్కూలు ఆడిటోరియం అద్దెకు తీసుకుని పాట్‌లక్ పెట్టుకున్నాం. పులిహోర ట్రే పట్టుకుని లోపలికి అడుగు పెట్టానో లేదో, "అబ్బ, ఎంత సన్నబడ్డావే! ఏం చేస్తున్నావో మాకూ చెప్పు" అని ఒక అక్క చెయ్యి పట్టేసుకుంది. పక్కనున్నావిడ "కీటోనా? ఫాస్టింగా?" అని అడిగింది. నేను నవ్వేసి, "ఏం లేదండీ, కాస్త వాకింగ్ చేస్తున్నాను" అన్నాను.

అది అబద్ధం. ఆ రోజు పొద్దున్నే నాలుగుసార్లు బాత్రూముకి వెళ్ళొచ్చాను. పులిహోర కలిపానే గానీ ఒక్క ముద్ద నోట్లో పెట్టుకోలేదు. జాకెట్టు జారకుండా రెండు వైపులా పిన్నీసులు పెట్టుకుని వచ్చాను. కానీ ఆ మాటలు వింటుంటే లోపల ఎంత సంతోషంగా ఉందో! పాప పుట్టాక పెరిగిన ఒళ్ళు తగ్గక ఏళ్ళ తరబడి బాధపడినదాన్ని మరి.

ఈ నెల ఆ సంగతే రాద్దామని కూర్చున్నాను. బరువు తగ్గడం గురించి మనం రోజూ మాట్లాడుకుంటాం. జబ్బు చేసి బరువు పోగొట్టుకుని, మళ్ళీ తెచ్చుకోవడానికి తంటాలు పడేవాళ్ళు మాత్రం నోరు విప్పరు. విప్పితే "అదృష్టవంతురాలివి, మా దగ్గర కాస్త పట్టుకెళ్ళు" అంటారు కాబట్టి.

నా లెక్క ఇది. దసరాకి 58 కిలోలు. సంక్రాంతికి 54. ఉగాదికి 50. జూన్‌లో ఆసుపత్రిలో చేరిన రోజున 44, అంటే ఇక్కడి లెక్కలో 97 పౌండ్లు. నా ఎత్తు 5 అడుగుల 3 అంగుళాలు. ప్రయత్నం చేయకుండా ఆరు నెలల నుంచి ఏడాది లోపు ఒంటి బరువులో 5 శాతం తగ్గితే డాక్టరుకి చూపించుకోవాలని వైద్య పుస్తకాలు చెబుతాయి. 58లో 5 శాతమంటే మూడు కిలోలు కూడా కాదు. సంక్రాంతికే నేను ఆ గీత దాటేశాను. బీఎస్సీ బయోకెమిస్ట్రీ చదివినదాన్ని, ఆ మాత్రం లెక్క తెలియక కాదు. అందరూ మెచ్చుకుంటుంటే డాక్టరు దగ్గరికి వెళ్ళబుద్ధి కాలేదు. కడుపునొప్పి వస్తే బయటి తిండి పడలేదనుకున్నాను. ఉగాది తర్వాత వెళ్తే మొదట చూసినాయన ఒత్తిడి వల్ల అన్నారు. నాకూ అదే నమ్మాలనిపించింది.

చివరికి కొలనోస్కోపీ చేసి క్రోన్స్ డిసీజ్ అని తేల్చారు. 1932లో న్యూయార్క్‌లో బరిల్ క్రోన్ అనే డాక్టరు ఇంకో ఇద్దరితో కలిసి దీన్ని వర్ణించారు కాబట్టి ఆ పేరు. మన రోగనిరోధక వ్యవస్థ మన పేగుల్నే వాపెక్కించే జబ్బు. పూర్తిగా పోదు, కానీ అదుపులో పెట్టుకోవచ్చు. మన దేశం నుంచి వచ్చినవాళ్ళకి ఇక్కడో మెలిక ఉంది. పేగులకి వచ్చే క్షయ కూడా అచ్చం ఇలాగే కనిపిస్తుంది. అందుకే ఇండియా ఎప్పుడు వెళ్ళొచ్చావు, ఇంట్లో ఎవరికైనా టీబీ ఉండేదా అని గుచ్చి గుచ్చి అడిగారు. చిన్నప్పుడు వేసిన బీసీజీ వల్ల చర్మం మీద చేసే పరీక్ష తప్పుగా పాజిటివ్ చూపించవచ్చు కాబట్టి రక్తపరీక్ష చేశారు. తర్వాత ఇచ్చే మందులు దాగి ఉన్న టీబీని నిద్రలేపగలవు. ఈ వివరం డాక్టరు అడగకపోయినా మీరే చెప్పండి.

బరువు ఎందుకు పోతుందో అర్థమయ్యాక నా మీద నాకు కోపం కాస్త తగ్గింది. తింటే నొప్పి కాబట్టి తెలియకుండానే తక్కువ తింటాం, అది ఒకటి. తిన్నది వాచిన పేగు సరిగా పీల్చుకోదు, అది రెండోది. ముఖ్యంగా చిన్నపేగు చివరి భాగం దెబ్బతింటే బి12 ఒంటికి పట్టదు, కొవ్వు అరగడానికి కావలసిన పిత్తరసం వృథాగా పోతుంది. మూడోది నన్ను ఆశ్చర్యపరిచింది. వాపు ఉన్నప్పుడు ఒంట్లో టీఎన్ఎఫ్ అనే ప్రొటీన్ ఎక్కువవుతుంది. అది ఆకలిని చంపేస్తుంది, కండని కరిగిస్తుంది. జబ్బులో ఒళ్ళు చిక్కిపోవడానికి కారణమేమిటా అని వెతికినవాళ్ళు ఒక పదార్థాన్ని పట్టుకుని దానికి కెకెక్టిన్ అని పేరు పెట్టారు. 1985లో చూస్తే ఆ కెకెక్టినూ, ఈ టీఎన్ఎఫ్ఫూ ఒకటేనని తేలింది. ఇప్పుడు నాకు ఎనిమిది వారాలకోసారి నరంలోకి ఎక్కించే మందు పనల్లా దాన్ని పట్టి ఆపడమే.

ఇది తెలియక అమ్మ రోజూ ఫోన్‌లో ఏడ్చేది. "కాస్త నెయ్యి వేసుకుని తినవే తల్లీ, నీకు తినడం రాదు" అనేది. మంట ఆరకుండా నెయ్యి ఎంత పోసినా నిలవదని ఆవిడకి అర్థమయ్యేలా చెప్పడానికి నాకు నెల పట్టింది. కుండకి చిల్లు ఉందమ్మా, ముందు చిల్లు పూడ్చాలి అన్నాను. అప్పుడు ఊరుకుంది.

ఆసుపత్రిలో ఆకలి వేసిన మొదటి రోజు కంచం నిండా తిందామనుకున్నాను. డైటీషియన్ ఒప్పుకోలేదు. బాగా చిక్కిపోయిన ఒంటికి ఒక్కసారిగా తిండి పెడితే ఇన్సులిన్ ఎగసి, రక్తంలోని ఫాస్ఫేటు, పొటాషియం, మెగ్నీషియం కణాల్లోకి లాగేసుకుంటుంది. రక్తంలో అవి పడిపోతే గుండెకే ప్రమాదం. రెండో ప్రపంచ యుద్ధంలో చెరలో ఆకలితో మాడినవాళ్ళు కొందరు విడుదలయ్యాక తిన్న తిండితోనే ప్రాణం పోగొట్టుకున్నారు. అందుకని నాకు రోజూ రక్తం తీసి చూస్తూ కొంచెం కొంచెంగా పెంచారు. ఇంట్లో ఎవరైనా బాగా చిక్కిపోయి ఉంటే ప్రేమకొద్దీ ఒక్కరోజులో కుక్కి పెట్టకండి. డాక్టరునడిగి మెల్లగా మొదలుపెట్టండి.

ఆ తర్వాత స్టెరాయిడ్ మాత్రలు. ఆరు వారాల్లో 49కి వచ్చాను. ఎగిరి గంతేశాను. ముఖం గుండ్రంగా పున్నమి చంద్రుడిలా అయింది, కాళ్ళు మాత్రం పుల్లల్లాగే ఉన్నాయి. వీడియోకాల్‌లో మా పిన్ని "హమ్మయ్య, కోలుకున్నావు" అంది. డోసు తగ్గిస్తుంటే 46కి దిగిపోయాను. ఆ వచ్చినదాంట్లో చాలాభాగం నీరూ, కొవ్వూనట. పైగా స్టెరాయిడ్ కండని తినేస్తుంది. ఆ రోజు వెయింగ్ మెషీన్ ముందు కూర్చుని బాగా ఏడ్చాను. మావారు దాన్ని తీసుకెళ్ళి గరాజ్‌లో పెట్టేశారు. వారానికోసారి, ఆదివారం పొద్దున మాత్రమే బయటికి తీసేవారు.

అసలు పని మందు పనిచేయడం మొదలయ్యాక మొదలైంది. డైటీషియన్ మూడు రోజులు తిన్నదంతా రాయమంది. లెక్క చూస్తే రోజుకి 30 గ్రాముల ప్రొటీన్ కూడా లేదు. జబ్బు చురుగ్గా ఉన్నప్పుడు కిలో బరువుకి 1.2 నుంచి 1.5 గ్రాములు కావాలి. నా 44 కిలోలకి అది 53 నుంచి 66 గ్రాములు. మనం పప్పు తింటున్నాం కదా అనుకుంటాం గానీ, పలచటి పప్పుచారులో ఎంత ఉంటుంది చెప్పండి! ముద్దపప్పు చేసుకుని దాన్నే ఎక్కువ వేసుకోవడం నేర్చుకున్నాను.

రోజుకి మూడు పూటల బదులు ఏడుసార్లు తిన్నాను. పొద్దున లేవగానే మజ్జిగ కలిపిన రాగి జావ. తొమ్మిదింటికి మెత్తటి ఇడ్లీ, గుడ్డు. పదకొండింటికి గ్రీక్ యోగర్ట్ కప్పు, సుమారు 15 గ్రాముల ప్రొటీన్. మధ్యాహ్నం మెత్తగా వండిన అన్నం, ముద్దపప్పు, సొరకాయో పొట్లకాయో. సాయంత్రం బ్రెడ్డు మీద రెండు స్పూన్ల పీనట్ బటర్, 190 కేలరీలు. రాత్రి చేప, లేకపోతే పెరుగన్నం. పడుకునే ముందు ఎన్‌ష్యూర్ లాంటి సీసా ఒకటి, 220 కేలరీలు. ఆ తీపి వాసన పడక ఫ్రీజర్‌లో పెట్టి కుల్ఫీలా తిన్నాను. పాలు నాకు పడలేదు, పెరుగు పడింది. నెయ్యి మొదట్లో ఒక చిన్న స్పూనుతో సరిపెట్టి, విరేచనాలు తగ్గాక పెంచాను. పేగులో ఒకచోట ఇరుకు ఉంది కాబట్టి పచ్చికొబ్బరి, మొక్కజొన్న, మునక్కాడ పీచు, జామకాయ నాకు బంద్. పల్లీలు గింజగా తినకూడదు, మెత్తటి పేస్టుగా తినొచ్చు. ఇది నా పేగు జాబితా. మీది వేరుగా ఉంటుంది, మీ డాక్టరుతో కూర్చుని రాసుకోండి.

రోజుకి 500 కేలరీలు అదనంగా తింటే వారానికి దాదాపు అర కిలో పెరగాలని పుస్తకాల లెక్క. నాకు నెలకి కిలో రావడమే గొప్ప. ఓపిక చచ్చిపోతున్న రోజుల్లో మిన్నెసోటా ప్రయోగం గురించి చదివాను. 1944-45లో అన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో 36 మంది ఆరోగ్యవంతులైన కుర్రవాళ్ళని, వాళ్ళు ఒప్పుకున్నాకే, 24 వారాలు అర్ధాకలితో ఉంచి చూశారు. బరువులో పాతిక శాతం దాకా పోయింది. నాకు పోయింది 24 శాతం. వాళ్ళు చిరాకుపడేవారు, దిగులుపడేవారు, ఎప్పుడూ చలి వేసేది, తిండి గురించే ఆలోచించేవారు. తిరిగి తినడం మొదలెట్టాక కూడా కోలుకోవడానికి నెలలు పట్టింది. ముందు కొవ్వు తిరిగొచ్చింది, కండ వెనకబడింది. జూలై ఎండలో స్వెట్టర్ వేసుకుని పాప మీద అరిచేదాన్ని. అది నా గుణం కాదు, ఒంటి ఆకలి అని అప్పుడు తెలిసింది.

కండ వెనకబడుతుందని తెలిశాక వ్యాయామం మొదలుపెట్టాను. ఇంతకుముందు తగ్గడానికి చేసేదాన్ని, ఇప్పుడు పెరగడానికి. కుర్చీలోంచి చేతులు ఆనించకుండా పదిసార్లు లేవడం. గాలన్ పాల డబ్బాలో సగం నీళ్ళు పోసి ఎత్తడం. మూడు నెలల తర్వాత నిండు డబ్బా. 20 పౌండ్ల సోనామసూరి బస్తా కారులోంచి నేనే దించిన రోజు మావారు ఫోటో తీశారు.

కార్తీక సోమవారాలు వచ్చాయి. ఉపవాసం ఉండకపోతే ఎలా అని మనసు పీకుతోంది. భయపడుతూనే అత్తయ్యగారికి ఫోన్ చేశాను. "నువ్వు ఏడాదంతా ఉపవాసం చేసినట్టే ఉన్నావమ్మా. తిని, దీపం పెట్టుకో" అన్నారు. ఆవిడ అలా అంటారనుకోలేదు. అప్పటి నుంచి నా మందుల వివరాలు ముందు ఆవిడకే చెబుతున్నాను.

మరుసటి ఉగాదికి 50 దాటాను. కిందటి శరదృతువులో జబ్బు మళ్ళీ తిరగబెట్టి మూడు కిలోలు పట్టుకుపోయింది. ఈసారి నాలుగు నెలలు ఆగలేదు, నాలుగో రోజే ఫోన్ చేశాను. మలపరీక్షలో కాల్‌ప్రొటెక్టిన్ ఎక్కువగా ఉందని చూసి మందు డోసు మార్చారు. ప్రస్తుతం 54. 58కి వస్తానో లేదో తెలియదు. ఇనుము, బి12, డి విటమిన్ పరీక్షలు సరిగా వస్తున్నాయి, మెట్లు ఎక్కితే ఆయాసం లేదు. ఆ అంకె మీద పట్టుదల పోయింది.

మా పాపకి అప్పుడు ఏడేళ్ళు. నా ఒళ్ళో కూర్చుని, "అమ్మా, నీ ఎముకలు గుచ్చుకుంటున్నాయి" అని దిగిపోయింది. ఆ తర్వాత చాలా నెలలు ఒళ్ళో కూర్చోలేదు. కథ చదివేటప్పుడు పక్కన దిండు పెట్టుకుని కూర్చునేది. ఈమధ్య ఒక రాత్రి పుస్తకం పట్టుకొచ్చి ఏమీ అనకుండా ఎక్కి కూర్చుంది. తొమ్మిదేళ్ళ పిల్ల, బరువే. కాళ్ళు తిమ్మిరెక్కినా కదల్లేదు నేను.

మీ గాజులు వాటంతటవే జారిపోతుంటే, ఎవరు ఎంత మెచ్చుకున్నా సరే, డాక్టరుకి ఫోన్ చేయండి. ఎవరైనా ఉన్నట్టుండి చిక్కినట్టు కనిపిస్తే, డైటు సంగతి అడిగేముందు "ఒంట్లో ఎలా ఉంది?" అని అడగండి.

మొన్న ఉగాదికి అదే ఆడిటోరియం, అదే పులిహోర. అదే అక్క నన్ను ఎగాదిగా చూసి, "ఏమే, కాస్త ఒళ్ళు చేసినట్టున్నావే!" అంది. "అవునక్కా, చాలా కష్టపడ్డాను" అన్నాను. ఆవిడకి అర్థం కాలేదు. పక్కన కూర్చోబెట్టుకుని, ఇద్దరం పులిహోర తింటూ, మొదటి నుంచీ చెప్పాను.