మొదటి నాడిని మరచిన వైద్యం

మన కపాలనాడులు 12 జతలు. వాటిలో మొదటిది వాసనను మోసే ఘ్రాణనాడి. కాని రోగుల పరీక్షా వివరాలలో తరచు కనిపించే వాక్యం ఇది: ‘2 నుంచి 12 వరకు కపాలనాడులు సవ్యంగా ఉన్నాయి.’ మరి మొదటిది ఏమయినట్లు? దానిని ఎవరూ పరీక్షించలేదు. చూపు మందగిస్తే కంటివైద్యుని వెదుక్కుంటూ వెళ్ళే మనం కూడా, వాసన తెలియకపోతే ‘పడిశం పట్టిందిలే’ అని ఊరుకుంటాం. ఈ ఉపేక్షను సమర్థించే శాస్త్రం ఏదీ లేదు.

దీని వెనుక ఒక పాత అపోహ ఉంది. 1879లో ఫ్రాన్స్ దేశపు శాస్త్రజ్ఞుడు పాల్ బ్రోకా, మెదడు మొత్తంతో పోల్చినపుడు మనిషి ఘ్రాణగోళాలు చిన్నవి గనుక వాసన చూడడంలో మనిషి వెనుకబడిన జీవి అని వర్గీకరించాడు. పరిమాణాన్ని చూసి పనితనాన్ని నిర్ణయించిన తీర్పు అది. 2017లో జాన్ మెక్‌గాన్ ‘సైన్స్’ పత్రికలో ఈ భావన 19వ శతాబ్దపు కట్టుకథ అని సోదాహరణంగా చూపాడు. ‘కుక్క ముక్కు ముందు మన ముక్కు ఎంత?’ అని కొందరు అడుగుతారు. గ్రద్ద చూపు మనకు లేదని ఎవరైనా కంటి పరీక్ష మానుకుంటున్నారా?

అసలు వాసన తెలియడమంటే ఏమిటో చూడండి. ముక్కు పైకప్పులోని పొరలో లక్షలాది నాడీకణాలుంటాయి. వాసన అణువులను పట్టుకునే గ్రాహకాలు మనిషిలో సుమారు 400 రకాలు. ఒక్కొక్క నాడీకణం సాధారణంగా ఒకే రకం గ్రాహకాన్ని ధరిస్తుంది. ఈ గ్రాహకాల జన్యుకుటుంబాన్ని 1991లో వెల్లడించిన లిండా బక్, రిచర్డ్ ఆక్సెల్‌లకు 2004లో నోబెల్ బహుమతి లభించింది. ఒకే గ్రాహకం గల కణాల తంతువులన్నీ జల్లెడ వంటి ఎముక గుండా పైకి పోయి, ఘ్రాణగోళంలో తమకు నియతమైన చిన్న చిన్న ఉండలను చేరుతాయి. ఒక వాసన అణువు అనేక గ్రాహకాలను ప్రేరేపిస్తుంది. ఒక గ్రాహకం అనేక అణువులకు స్పందిస్తుంది. కనుక వాసన గుర్తు ఏ ఒక్క కణంలోనూ ఉండదు, కణాల కలయికలో ఉంటుంది. యాభై పైచిలుకు అక్షరాలతో తెలుగు నిఘంటువంతా ఏర్పడినట్లే, 400 గ్రాహకాల కూర్పులతో లెక్కకు అందనన్ని వాసనలు ఏర్పడతాయి. ఇంగువ తాలింపులో ఎన్ని రసాయనాలున్నా మెదడు దానిని ఒకే పరిమళంగా చదువుకొంటుంది.

చూపు, వినికిడి, స్పర్శ థాలమస్ అనే కేంద్రంలో ఆగి మెదడు పైపొరకు చేరుతాయి. వాసన అక్కడ ఆగకుండానే వాసనను పోల్చుకొనే వల్కలానికి, భయోద్వేగాలకు నెలవైన అమిగ్డలాకు, జ్ఞాపకశక్తికి ద్వారమైన ప్రాంతానికి చేరుతుంది. ఇంతటి యంత్రాంగం దెబ్బతింటే అది ముక్కు సమస్య మాత్రమే ఎలా అవుతుంది?

పార్కిన్సన్స్ వ్యాధిలో చేతివణుకు కనిపించడానికి కొన్నేళ్ళ ముందే చాలామందిలో వాసన తగ్గుతుంది. వ్యాధి మార్పులు తొలిదశలోనే ఘ్రాణగోళంలో కనిపిస్తాయని 2003లో హైకో బ్రాక్ బృందం వివరించింది. ఆల్జైమర్స్ వ్యాధిలోనూ వాసనలను గుర్తుపట్టే శక్తి ముందుగా సన్నగిల్లవచ్చు. అయితే వాసన తగ్గిన ప్రతివారికీ ఈ వ్యాధులున్నాయని భయపడనక్కరలేదు. జలుబు, సైనస్ తాపం, ముక్కులో పెరిగే పాలిప్‌లు, తలకు దెబ్బ, వయస్సు, ఇవే తరచు కనిపించే కారణాలు. ఏ కారణమో తేల్చడానికే పరీక్ష కావాలి.

వంటగ్యాసుకు తనదైన వాసన లేదు. లీకయితే తెలియాలని దుర్గంధం గల మెర్కాప్టన్ కలుపుతారు. వాసన తెలియని గృహిణికి ఆ హెచ్చరిక అందదు. పాచిపోయిన కూర, మాడుతున్న తీగ కూడా ఆమెకు తెలియవు. తిండి రుచించక చిక్కిపోయేవారు, లోలోపల కుంగిపోయేవారు ఉన్నారు. కోవిడ్ ఈ బాధను లక్షలమందికి రుచి చూపింది. అయినా మన అలవాటు మారలేదు.

‘చికిత్స లేనపుడు పరీక్ష ఎందుకు?’ అనే వాదం చెల్లదు. సైనస్ తాపానికి, పాలిప్‌లకు చికిత్స ఉంది. ముక్కులోని ఘ్రాణకణాలకు తిరిగి పుట్టే శక్తి ఉంది. 2009లో జర్మనీలో థామస్ హుమెల్ బృందం గులాబి, నిమ్మ, లవంగం, యూకలిప్టస్ వాసనలను రోజుకు రెండు పూటలా 12 వారాలు శ్రద్ధగా చూసే అభ్యాసం వలన కొందరిలో ఘ్రాణశక్తి మెరుగుపడుతుందని చూపింది. అందరికీ ఫలించదు, కాని ఖర్చు స్వల్పం, హాని లేదు.

ప్రాథమిక పరీక్షకు పెద్ద యంత్రాలు అక్కరలేదు. కళ్ళు మూయించి, ఒక్కొక్క ముక్కుపుటం వద్ద కాఫీపొడి, లవంగం ఉంచి అడిగితే చాలు. అమ్మోనియా, మెంథాల్ వంటి ఘాటు పదార్థాలు వాడరాదు. వాటి మంటను, చలువను 5వ కపాలనాడి గ్రహిస్తుంది గనుక వాసన పోయినవారు కూడా ‘తెలుస్తోంది’ అంటారు.

వాసన రెండు మూడు వారాలకు మించి తెలియకపోతే, లేదా జలుబు లేకుండానే తగ్గితే, వైద్యుని సంప్రదించండి. ఆయన అడగకపోయినా మీరే చెప్పండి. వైద్యసోదరులకు నా మనవి ఒక్కటే: నాడుల పరీక్షను 2 నుంచి కాక 1 నుంచి మొదలుపెట్టండి. దానికి పట్టేది రెండు నిమిషాలు.