పాటపై అంటించిన చీటీ



పిల్లలు వినదగిన పాట యేది, వినరానిది యేది యని నిర్ణయింపవలసిన వారెవరు? తల్లిదండ్రులా, వర్తకులా, ప్రభుత్వమా? పూర్వము గృహమున నొకరు పాడిన పాట యింటిల్లపాదికిని వినబడెడిది. ఇప్పుడో, అఱచేతిలోని ఫోనునందు లోకములోని పాటలన్నియు నిమిడియున్నవి. చెవులకు ఇయర్‌ఫోనులు తగిలించుకొని కుమారుడు వినునది ప్రక్కనే కూర్చున్న తల్లికి దెలియదు. నలువదియేండ్ల క్రిందట అమెరికా దేశమున కొందఱు తల్లులు ఈ ప్రశ్ననే సభకెక్కించిరి. అందువలన గలిగిన మేలును, కీడును మనమెఱుంగదగియున్నవి.

1984లో ప్రిన్స్ అను గాయకుడు ‘పర్పుల్ రెయిన్’ అను గీతసంపుటిని వెలువరించెను. సెనేటు సభ్యుడైన ఆల్ గోర్‌గారి భార్య టిప్పర్ గోర్ దానిని తన 11 ఏండ్ల కుమార్తెకై కొనెను. అందలి యొక పాటలోని కామవిషయకములైన మాటలు విని యామె నివ్వెఱపోయెను. 1985లో ఆమెయు, ఆర్థికమంత్రి జేమ్స్ బేకర్ భార్యయైన సూసన్ బేకరును, మఱికొందఱు స్త్రీలును గూడి ‘పేరెంట్స్ మ్యూజిక్ రిసోర్స్ సెంటర్’ అను సంఘమును స్థాపించిరి. తమకు మిక్కిలి యభ్యంతరకరములని తోచిన 15 పాటల పట్టికను వీరు ప్రకటించిరి. కామము, హింస, మద్యమాదకద్రవ్యములు, క్షుద్రవిద్య — వీనిలో దేనిని గూర్చినదో తెలుపు నక్షరమును ప్రతి సంపుటిపైనను ముద్రింపవలయునని కోరిరి.

1985 సెప్టెంబరు 19వ తేదీన సెనేటు సంఘమొకటి విచారణ జరిపెను. ఫ్రాంక్ జప్పా, జాన్ డెన్వర్, డీ స్నైడర్ అను మువ్వురు సంగీతకారులు వచ్చి యా కోరికను ఖండించిరి. డెన్వర్ చెప్పినది ఆలోచింపదగినది. కొలరాడో పర్వతముల సౌందర్యమును జూచి పరవశుడై యాతడు వ్రాసిన పాటలో ‘హై’ అను మాట కలదు. ఆ భాషలో దానికి ఔన్నత్యమనియు, మత్తనియు రెండర్థములు. కొన్ని రేడియోకేంద్రములు రెండవ యర్థమునే గ్రహించి యా పాటను నిలిపివేసినవట! స్నైడర్ పాటను హింసతో గూడిన కామవర్ణనమని సంఘమువారు నిందింపగా, అది తన బృందసభ్యుని గొంతునకు జరుగు శస్త్రచికిత్సను గూర్చిన భయమే యని యాతడు బదులు చెప్పెను. శ్లేష యనునది మనకు క్రొత్త కాదు. ఒక పద్యమునకు రెండర్థములు చెప్పుకొని యానందించు జాతి మనది. పాటకు తప్పుడర్థము పట్టుట యెంత సులభమో మనకు వేఱుగ జెప్పనక్కఱలేదు.

తుదకు 1985 నవంబరులో రికార్డుల కంపెనీల సంఘమునకును, తల్లుల సంఘమునకును ఒడంబడిక కుదిరెను. అక్షరముల పద్ధతి విడువబడెను. హెచ్చరికను ముద్రించుటయో, పాటల సాహిత్యమునే అట్టపై నచ్చు వేయుటయో చేయుదుమని కంపెనీలవా రంగీకరించిరి. 1990 నుండి ఆ హెచ్చరిక తెలుపు నలుపుల చీటీగా నొకే రూపమున వచ్చుచున్నది. ఇది శాసనము కాదు. ఏ సంపుటికి చీటీ వేయవలయునో కంపెనీవారే నిర్ణయింతురు.

ఇంతవఱకు బాగుగనే యున్నది. కాని, తల్లి కన్నులకై యుద్దేశించిన చీటీ వర్తకుని చేతిలో తాళమైనది. వాల్‌మార్ట్ వంటి పెద్ద దుకాణములవారు చీటీ యున్న సంపుటులను అమ్మమనిరి. అప్పుడు గాయకులు మాటలు తొలగించిన ప్రతి నొకటి, తొలగింపని ప్రతి నొకటి వెలువరింపవలసి వచ్చెను. వేఱు దుకాణము దగ్గఱలేని యూరిలో పెద్దవారికి సైతము ఆ పాట దొరకదు గదా! మఱియొక వంక, కొందఱు యువకులకు చీటీయే యాకర్షణ మయ్యెను. వలదన్న వస్తువుపైననే మనస్సు పోవుట బాల్యమునుండియు మనుష్యస్వభావము.

చీటీ యొక యెత్తు, నిషేధ మొక యెత్తు. 1990 జూనులో ‘టూ లైవ్ క్రూ’ అను నల్లజాతి యువకుల బృందపు సంపుటి అశ్లీలమని ఫ్లోరిడాలో నొక న్యాయాధిపతి తీర్పు చెప్పెను. దాని నమ్మిన దుకాణదారుని, ఆ పాటలను సభలో పాడిన గాయకులను గూడ నిర్బంధించిరి. గాయకుల విచారణలో హెన్రీ లూయీ గేట్స్ అను సాహిత్యాచార్యుడు, ఆ మాటల వెనుక నల్లజాతివారి జానపద హాస్యసంప్రదాయము కలదని సాక్ష్యమిచ్చెను. జ్యూరీ వారిని నిర్దోషులనెను. 1992లో పై న్యాయస్థానము మొదటి తీర్పును గూడ కొట్టివేసెను. కళ విలువను తేల్చుటకు న్యాయాధిపతి సొంత యభిప్రాయ మొకటియే చాలదని తేలినది.

ఇట్టి కథ మన భాషలోను జరిగియున్నది. తంజావూరి ఆస్థానమున ముద్దుపళని రచించిన ‘రాధికాసాంత్వనము’ను 1910లో సంగీతవిదుషి బెంగుళూరు నాగరత్నమ్మగారు పరిష్కరించి ప్రకటింపగా, శృంగారము మితిమీఱినదని ఆంగ్లప్రభుత్వము దానిని నిషేధించెను. పురుషులు వ్రాసిన శృంగారకావ్యములకు లేని దోషము స్త్రీ వ్రాసినంతనే యెట్లు కలిగినదని నాగరత్నమ్మగారు ముందే ప్రశ్నించియుండిరి. టంగుటూరి ప్రకాశం పంతులుగారు మద్రాసు రాష్ట్ర ప్రధానిగానైన పిమ్మటగాని యా నిషేధము తొలగలేదు. ఒక తరమునకు పైగా ఆ కావ్యము చదువవలయునో వలదో నిర్ణయించుకొను భాగ్యము ఏ తెలుగు గృహిణికిని లేకపోయెను.

కావున నా మనవి యిది: చీటీ తల్లితో మాటాడును, నిషేధము తల్లి నోటిని గూడ మూయును. మొదటిది మనకు కావలయును, రెండవది వలదు.

ఆ చీటీ యిప్పుడు మన యింటికిని వచ్చినది. ఫోనులో పాటలు వినిపించు సంస్థలు అట్టి పాట ప్రక్కన ‘ఇ’ అను ఆంగ్లాక్షరమును చూపుచున్నవి. అట్టివి వినబడకుండ జేయు నమరికయు పెక్కింటిలో నున్నది. చిన్నపిల్లలున్న గృహిణులు దాని నుపయోగించుకొనుట మంచిది. మన చలనచిత్రములకు సెన్సారువారు వయస్సు దెలుపు ధ్రువపత్రము నిత్తురు. కాని అందలి పాట విడిగా ఫోనులోనికి వచ్చునప్పుడు ఆ ధ్రువపత్రము వెంటరాదు.

ఇంతకంటె ముఖ్యమైన మాట యొకటి కలదు. చీటీ మాటను పట్టగలదు గాని భావమును పట్టజాలదు. వలదన్న కన్యను వీథివీథిని వెంబడించుటయే ప్రేమయని చెప్పు పాటలో బూతుమాట యొక్కటియు నుండకపోవచ్చును. దానికే చీటీయు రాదు. అట్టి పాట నొకదానిని మా వారి తరగతిలోని బాలుడు హుషారుగా బాడెనట. మా వారు కోపింపక, “నాయనా, ఆ పిల్ల నీ చెల్లెలైనచో ఈ పాట నెట్లు పాడుదువు?” అని మాత్ర మడిగిరట. వాడు చాలసేపు తల వంచుకొని యూరకుండెనట. ఆ మౌనమును ఏ చీటీ కలిగింపగలదు?

వారమున కొక్కసాయంకాలమైనను పిల్లలు వినుపాటలను వారితో గూర్చుండి వినుడు. అర్థమడుగుడు. నచ్చిన పాటను మెచ్చుకొనుడు. నచ్చనిచో నేల నచ్చలేదో చెప్పుడు. తిట్టి లాగికొన్న ఫోను మఱునాడు వేఱొక చేతిలో వెలుగును. తల్లితో గూడి చర్చించిన మాట మాత్రము బిడ్డ వెంట జీవితాంతము నుండును.