ఆకాశం కనబడే చోటు కావాలి



మనందరికీ అనుభవమైన సంగతితో మొదలుపెడతాను. నాన్నకో అమ్మకో బదిలీ అవుతుంది. సామాను లారీకెక్కించి మనం రైలెక్కుతాం. కొత్త ఊరు ఇంకా ఎంత దూరమో చూద్దామని ఫోన్‌లో మ్యాప్ తెరిస్తే, నీలం చుక్క ఎప్పుడో దాటిన స్టేషన్ దగ్గరే నిలబడి ఉంటుంది. ఫోన్‌ను కిటికీ దగ్గర కాసేపు పట్టుకుంటే ఒక్క గెంతు గెంతి మనమున్న చోటికి వస్తుంది. ఉద్యోగంలో చేరాక నేనూ చాలా ఊళ్లు మారాను. దాదాపు ప్రతి ప్రయాణంలోనూ ఈ తమాషా చూశాను. ఫోన్ చెడిపోలేదు. రైలు పెట్టె ఇనుముది కాబట్టి దానికి ఆకాశం కనబడలేదు, అంతే.

ఇప్పుడు నేనుంటున్నది జంషెడ్‌పూర్‌లోని సీతారాండేరాలో. సోనారీ విమానాశ్రయం ఇదే ఊళ్లో ఉంది. అప్పుడప్పుడు ఒక చిన్న విమానం గుర్రుమంటూ వెళుతుంటే తరగతిలో తలలన్నీ కిటికీ వైపు తిరుగుతాయి. ఒకరోజు ఎనిమిదో తరగతి అబ్బాయి అడిగాడు: "దానికి దారెలా తెలుస్తుంది? అందులోనూ మన ఫోన్‌లాంటిదే ఉంటుందా?" ఉంటుందని చెప్పాను. రైల్లో మన ఫోన్‌కొచ్చిన కష్టమే దానికీ వస్తుందని కూడా చెప్పాను. ఆ కష్టం గురించీ, దాన్ని తీర్చే విషయంలో నా అభిప్రాయం గురించీ ఈ వ్యాసం.

జీపీఎస్ ఉపగ్రహాలు భూమికి సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతాయి. అవి పంపే సిగ్నల్ శక్తి కొన్ని పదుల వాట్లు మాత్రమే. అంటే ఇంట్లో బల్బు వెలిగేంత. అంత దూరం నుంచి వచ్చేసరికి అది ఎంత బలహీనమవుతుందో ఊహించండి. మనం ఎక్కడున్నామో, ఎంత ఎత్తులో ఉన్నామో లెక్కగట్టడానికి రిసీవర్‌కు కనీసం 4 ఉపగ్రహాలు అందాలి. సిగ్నల్ ప్రయాణించిన కాలాన్ని బట్టి దూరం తెలుస్తుంది. ఆ కాలంలో సెకనులో పదిలక్షల వంతు తేడా వస్తే దూరంలో 300 మీటర్ల తేడా వస్తుంది.

చిన్న విమానాలు చాలావరకు అల్యూమినియంతో చేసినవి. కొన్నిటికి రెక్క పైలట్ తలకు పైనే ఉంటుంది. పైలట్ తన ట్యాబ్‌ను ఒళ్లో పెట్టుకుంటే ఆ రెక్క ఆకాశంలో సగాన్ని మూసేస్తుంది. అప్పుడు చాలామంది చేసేదేమిటంటే, "ఈ పరికరం పనికిరాదు, ఇంకా ఖరీదైనది కొనాలి" అనుకోవడం. ఇక్కడే నేను విభేదిస్తాను. ముందు మార్చవలసింది పరికరాన్ని కాదు, యాంటెన్నా చోటును. విమానం వీపు మీద, నలువైపులా ఆకాశం కనబడేలా, రేడియో యాంటెన్నాకు దూరంగా దాన్ని బిగించాలి. ట్యాబ్ అయితే అద్దం దగ్గర ఉంచాలి, లేదా బయటి యాంటెన్నా ఉన్న రిసీవర్‌తో కలపాలి. కేబుల్ చివర్లు తుప్పు పట్టకుండా, వదులు కాకుండా చూడాలి. ఇవన్నీ లైసెన్సున్న ఇంజినీరు చేయవలసిన పనులు.

రెండో కష్టం విమానం లోపలి నుంచే వస్తుంది. లెక్కలంటే ఇష్టమున్నవాళ్లు కాగితం తీసుకోండి. పైలట్ మాట్లాడే రేడియో పౌనఃపున్యాల్లో 121.15 మెగాహెర్ట్జ్ ఒకటి. దాన్ని 13తో గుణించండి. 1574.95 వస్తుంది. జీపీఎస్ ప్రధాన సిగ్నల్ 1575.42 మెగాహెర్ట్జ్ దగ్గర ఉంటుంది. రేడియో సరిగా లేకపోతే, పైలట్ మాట్లాడటానికి మీట నొక్కినప్పుడు దాని 13వ రెట్టు ధ్వని ఉపగ్రహం గొంతును మింగేస్తుంది. అందుకే జీపీఎస్ బిగించాక, నేల మీదే ఆ పౌనఃపున్యాల్లో కొన్ని సెకన్లు మీట నొక్కి ఉంచి, ఉపగ్రహాలు తప్పిపోతున్నాయేమో చూస్తారు. చవక రకం ఫోన్ ఛార్జర్ కూడా ఇలాంటి అల్లరి చేయగలదు. ఖర్చు లేని ఈ పరీక్షలు ఒక్కసారి చేసి వదిలేయకూడదు. విమానంలో కొత్త పరికరం ఏది పెట్టినా మళ్లీ చేయాలి.

మూడోది సిగ్నల్ అందినా మిగిలిపోయే తప్పు. పై వాతావరణంలోని అయనోస్ఫియర్ సిగ్నల్‌ను ఆలస్యం చేస్తుంది. దీన్ని సరిదిద్దడానికి ఇస్రో, ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ కలిసి "గగన్" వ్యవస్థను నిర్మించాయి. దేశంలో 15 చోట్ల, తమ స్థానం కచ్చితంగా తెలిసిన కేంద్రాలు జీపీఎస్ చెప్పేదానిలో తేడాను కొలుస్తాయి. మనకు దగ్గర్లో కోల్‌కతా, భువనేశ్వర్, గయల్లో అవి ఉన్నాయి. ఆ తేడాలను బెంగళూరులో లెక్కగట్టి, జీశాట్ ఉపగ్రహాల ద్వారా విమానాలకు పంపుతారు. 2022 ఏప్రిల్ 28న రాజస్థాన్‌లోని కిషన్‌గఢ్‌లో ఇండిగో వారి ఏటీఆర్ విమానం గగన్ సాయంతో దిగింది. రన్‌వే దగ్గర ఖరీదైన యంత్రాలు పెట్టలేని చిన్న విమానాశ్రయాలకు ఇది వరం.

అయితే 2016 నాటి జాతీయ పౌర విమానయాన విధానం గగన్ పరికరాన్ని తప్పనిసరి చేయాలన్నది కొత్తగా నమోదయ్యే విమానాలకు. పిల్లలు నేర్చుకునే విమానాల్లో పాతవి చాలా ఉంటాయి. అనుభవం లేని చేతులకే పాత పరికరం దక్కడం న్యాయం కాదు. ముందు శిక్షణ విమానాలకు ఈ సౌకర్యం కల్పించాలన్నది నా అభిప్రాయం.

ఇది ఊరికే అనడం లేదు. 2024 ఆగస్టు 20న సోనారీ నుంచి ఎగిరిన రెండు సీట్ల శిక్షణ విమానం చాండిల్ జలాశయంలో కూలింది. నేర్పే పైలటూ, నేర్చుకునే యువకుడూ ఇద్దరూ చనిపోయారు. నౌకాదళం వచ్చి విమానాన్ని నీళ్లలోంచి తీసింది. దానికి జీపీఎస్ కారణమని నేననడం లేదు. కాని ఆ చిన్న విమానాల్లో మనవాళ్ల పిల్లలే కూర్చుంటారని ఆనాడు ఈ ఊరంతటికీ తెలిసివచ్చింది. మా తరగతిలో పైలట్ అవుతామని చేతులెత్తే పిల్లలున్నారు. వాళ్లు ఎక్కబోయే విమానంలో చిన్న లోపం కూడా ఉండకూడదని నేను కోరుకోవడం తప్పా?

"జేఆర్‌డీ టాటా 1932లో కరాచీ నుంచి బొంబాయికి విమానం నడిపినప్పుడు ఇవేవీ లేవు కదా?" అని మీరడగవచ్చు. నిజమే, లేవు. మ్యాపు, దిక్సూచి, గడియారం, కళ్లు ఉన్నాయి. వాటిని ఇప్పటికీ వదలకూడదు. సిగ్నల్ ఎంత బాగున్నా ఒక్కోసారి పోతుంది. అప్పుడు కిందికి చూసి "అది దల్మా కొండ, ఇది సువర్ణరేఖ, ఖర్కాయి దానిలో కలిసే చోటు ఇదే" అని గుర్తుపట్టగలవాడే పైలట్. తెరనే నమ్ముకున్నవాడికి ఆ క్షణంలో చేతులాడవు. రిసీవర్‌ను బాగు చేయడమూ, అది లేకుండా నడపడం నేర్పడమూ రెండూ కావాలి.

చివరిగా మీకు ఒక మాట. ఆపి ఉన్న రిసీవర్‌ను వందల కిలోమీటర్లు మోసుకెళ్లి తెరిస్తే, అది పాత ఊరి లెక్కలతోనే ఉపగ్రహాలను వెతుక్కుంటుంది. ఉపగ్రహాలన్నిటి పట్టికను పూర్తిగా అందుకోవడానికి దానికి 12.5 నిమిషాలు పడుతుంది. ఆ కాసేపూ తొందరపెట్టకుండా, ఆకాశం కనబడే చోట ఉంచాలి. బదిలీ మీద కొత్తగా చేరిన పిల్లవాడు మొదటి వారం దిక్కుతోచక మూల బెంచీలో కూర్చుంటే, వాడిలో లోపముందనుకోకండి. మీరూ ఒకప్పుడు అక్కడే కూర్చున్నారు. వాణ్ణి కిటికీ పక్కకు పిలవండి.