స్పేరు రావాలట!

కొత్త కోడలికి ఆషాఢంలో పుట్టిల్లు ఉన్నట్టే కొత్త ట్రాక్టరుకి కూడా ఉంటుందని నాకు ఈ ఏడాదే తెలిసింది. మే నెలలో పసుపు కుంకుమ పెట్టి, నిమ్మకాయలు తొక్కించి ఇంటికి తెచ్చుకున్న మినీ ట్రాక్టరు ఆషాఢం రాగానే షోరూముకి పోయి కూర్చుంది. కోడలైతే నెల తిరగ్గానే వచ్చేస్తుంది, ఏ రోజొస్తుందో ముందే తెలుసు. ట్రాక్టరు ఎప్పుడొస్తుందో చెప్పే నాథుడు లేడు. అసలు ఆషాఢంలో కొత్త అల్లుడు అత్తారింటి గడప తొక్కకూడదన్న ఆచారమే పొలం పనులు పాడవకూడదని పెట్టారంటారు పెద్దలు. పొలం వదిలి కదలొద్దని మనిషికే చెప్పిన నెలలో, పొలం కోసమే కొన్న యంత్రం 23 రోజులు షెడ్డులో పడుకుంది.

బండి చెడిపోయినందుకు కాదు నా కోపం. యంత్రం అన్నాక చెడుతుంది. మిక్సీ చెడదా, గ్రైండరు చెడదా? రోటవేటరుని ఎత్తే హైడ్రాలిక్ లిఫ్టు పనిచెయ్యడం మానేసింది. అవర్ మీటరు మీద 38 గంటలే తిరిగిన బండి, మొదటి ఫ్రీ సర్వీసు కూడా కాలేదు. జూన్ 30న ఇంకో ట్రాక్టరుకి కట్టి లాగించుకుని వెళ్ళి అప్పగించాం. జూలై 23న ఇచ్చారు. ఏం చేశారయ్యా అంటే లోపల సీలు, ఓరింగులు మార్చారట. పని పట్టింది ఒక్క పూట! మిగతా 22 రోజులూ ఒకటే మాట, “స్పేరు రావాలి.” ఎక్కణ్ణుంచి రావాలి, ఎప్పుడు బయల్దేరింది, ఏ రోజుకి చేరుతుంది... వీటిలో ఒక్కదానికీ జవాబు లేదు.

సీజను కోసం అమ్మిన సరుకుని సీజనులో బాగుచెయ్యలేనివాడు సగం సరుకే అమ్మి పూర్తి డబ్బు తీసుకున్నట్టు లెక్క. నేను ఇంతకన్నా మెత్తగా చెప్పలేను.

మా ఆమదాలవలస వైపు సంగతి తెలియనివాళ్ళకి చెబుతాను. నాగావళి మీద నారాయణపురం ఆనకట్ట కాలువకి నీళ్ళొచ్చి, పైన వానా కలిసొస్తే దమ్ముకి దొరికేది కొద్దిరోజులే. మాది సొంతం నాలుగెకరాలు, కౌలు రెండు. జూన్ 8న నారు పోశాం. బండి ఆగిపోయిన నాటికి నారుకి 22 రోజులు, అంటే సరిగ్గా నాటెయ్యాల్సిన సమయం. చివరికి ఉభాలు అయ్యేసరికి 38 రోజులు. ముదురు నారు వేస్తే పిలకలు తక్కువొస్తాయని మా ఊళ్ళో చిన్నపిల్లలకి కూడా తెలుసు. కుదురుకి నాలుగు మొక్కలు ఎక్కువ పెట్టి, దగ్గరదగ్గరగా నాటించి ఏదో సర్దుకున్నాం. దానికి నారు చాలక పక్కవాళ్ళని అడుక్కున్నాం.

అద్దె ట్రాక్టరు పెట్టుకోవచ్చుగా అంటారా? పదేళ్ళు మా పొలం దున్నిన ఆయన దగ్గరికే వెళ్ళాం. “మీకు సొంతబండి ఉంది కదమ్మా, ఈయేడు మీ పేరు రాసుకోలేదు” అన్నాడు. ఆయన తప్పేముంది! ఆయన పాత బేరాలన్నీ అయ్యాక, జూలై రెండో వారం దాటాక మా వంతు వచ్చింది. 3వ తేదీకి మాట్లాడుకున్న నాటు కూలీలు ఇంకో ఊరు పోయారు. పన్నెండుమందిని మళ్ళీ పోగుచెయ్యడం ఎవరి పని? షోరూమువాడిది కాదు, మా ఆయనది కూడా కాదు. నాది.

ఆడవాళ్ళం లెక్క రాస్తే ఎలా ఉంటుందో చూడండి. అద్దె గంటకు 1,200 చొప్పున 15 గంటలు, 18,000. మన బండి అయినా డీజిలు పోసేవాళ్ళం కాబట్టి ఆ నాలుగు వేల నాలుగొందలు తీసేశాను. మిగిలింది 13,600. బండి లాగించినందుకు 1,500. షోరూము చుట్టూ తిరిగిన పెట్రోలు 900. ఇక వడ్డీ. బండి, రోటవేటరు కలిపి 6,40,000. అందులో 4,50,000 లోను, 1,50,000 నా గాజులూ నల్లపూసలూ బ్యాంకులో పెట్టి తెచ్చినవి, మిగతాది మినుములమ్మిన డబ్బు. రెండు అప్పుల మీదా కలిపి రోజుకి 185 రూపాయల వడ్డీ. 23 రోజులకి 4,255. “వడ్డీ ఎలాగైనా కట్టాల్సిందేగా” అన్నారు మా ఆయన. కట్టాల్సిందే, పనిచేసే బండికి! షెడ్డులో పడుకున్న బండికి కాదు. మొత్తం 20,255. తగ్గబోయే దిగుబడి ఇందులో కలపలేదు, కోతలయితే గానీ అది తెలీదు. పొద్దున్నా సాయంత్రం అద్దె ట్రాక్టరు డ్రైవరుకి పెట్టిన టిఫిన్లూ భోజనాలూ కూడా వెయ్యలేదు. మన వంటకి ఎవరు ఎప్పుడు ఖరీదు కట్టారు గనక!

నాకు అన్నిటికన్నా మంట పుట్టించింది ‘బావా’ అన్న పిలుపు. షోరూములో మా ఆయన్ని అందరూ బావా అనే పిలుస్తారు. టీ ఇస్తారు, కుర్చీ వేస్తారు. “నువ్వు కంగారు పడకు బావా, రెండ్రోజుల్లో ఒచ్చెస్తాది.” ఆ రెండ్రోజులు పదకొండుసార్లు వచ్చాయి. బావా అన్నవాడితో గొడవేం పెట్టుకుంటామని మా ఆయన టీ తాగి వచ్చేవారు. మన మొహమాటమే వాళ్ళకి వర్క్‌షాపు, మన మంచితనమే వాళ్ళ స్పేరు పార్టుల గోడౌను. వరస కలిపి పిలిస్తే తేదీ చెప్పే బాధ్యత తప్పిపోతుందా? నేను ఫోను చేస్తే మాత్రం ఏ వరసా లేదు. “మేడం, సార్‌తో మాట్లాడతాం” అని పెట్టేసేవారు. లోను కాగితాల మీద నా సంతకం ఉంది, తాకట్టులో నా బంగారం ఉంది. సంతకానికి పనికొచ్చినదాన్ని సమాధానానికి పనికిరానా?

వాళ్ళ వైపు మాట కూడా చెప్పాలి కదా. సీజనులో అన్ని బళ్ళూ ఒకేసారి వస్తాయి, మెకానిక్కులు ఇద్దరే, వారంటీ స్పేరు కంపెనీ ఒప్పుకున్నాక గానీ పంపరు అంటారు. ఇందులో అబద్ధం లేకపోవచ్చు. కానీ సీజను చెప్పాపెట్టకుండా వచ్చే చుట్టమా? ఆషాఢం ఎప్పుడొస్తుందో ప్రతి ఇంటి గోడ మీదా క్యాలెండరులో ఉంది. దీపావళినాడు “జనం ఎక్కువొచ్చారు” అని మిఠాయి కొట్టువాడు కొట్టు కట్టేస్తాడా? మే నెలలో బళ్ళమ్మడానికి ఊరూరా టెంటు వేసి మైకు పెట్టినప్పుడు ఉన్న మనుషులు జూలైలో ఏమయ్యారు? పైగా ఒకటి గమనించాను. డబ్బిచ్చి చేయించుకునే పాత బళ్ళు మా బండి పక్కనుంచే వెళ్ళిపోయేవి. వారంటీ పనికి డబ్బు కంపెనీ నుంచి ఎప్పుడో రావాలి, ఆ పనులకి అప్పటికప్పుడే చేతిలో పడుతుంది. ఏది ముందు అవుతుందో నేను చెప్పాలా?

పోనీ బయట చేయించుకుందామంటే, వేపచెట్టు కింద పెద్ద ట్రాక్టర్లు విప్పి బిగించే మెకానిక్కు ఉన్నాడు. సీలు దొరికితే ఒక పూటలో చేసిస్తానన్నాడు. “బయట విప్పితే వారంటీ పోతాది” అని షోరూమువాళ్ళు. సీలు కూడా వాళ్ళ దగ్గర తప్ప దొరకదు, ఈ చిన్నబళ్ళు మా వైపు ఇంకా తక్కువ. వాళ్ళు చెయ్యరు, ఇంకొకర్ని చెయ్యనివ్వరు! గడ్డివాము దగ్గర కుక్క అంటే ఇదే.

ఈ బాధ మన ఒక్కరిదే కాదండోయ్. అమెరికాలో వందల ఎకరాల రైతులు కూడా డీలరు దయ కోసం చూడాల్సి వస్తోందని ఏళ్ళుగా పోట్లాడుతున్నారు. కొలరాడో రాష్ట్రంలో 2023లో రైతు తన యంత్రాన్ని తానే బాగుచేసుకునే హక్కుకి చట్టం చేశారు. 2025 జనవరిలో అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఏకంగా జాన్ డీర్ కంపెనీ మీద, రిపేరు తన డీలర్ల చేతిలోనే ఉండేలా చేస్తోందని దావా వేసింది. మన దగ్గర కూడా కేంద్ర వినియోగదారుల శాఖ 2022 జూలైలో ‘మరమ్మతు హక్కు’ మీద కమిటీ వేసింది. మొదట చూడాల్సినవిగా ఎంచుకున్న నాలుగు రంగాల్లో సెల్‌ఫోన్లూ కార్లతో పాటు వ్యవసాయ యంత్రాలు కూడా ఉన్నాయి. ఆ డిసెంబరులో పోర్టలు కూడా తెరిచారు. పోర్టలు తెరిస్తే నా బండికి సీలు రాదనుకోండి, అది వేరే సంగతి.

“రైతులం, మనకి కన్స్యూమరు కోర్టేమిటి, అది ఫ్రిజ్జులు కొన్నవాళ్ళకి” అంది మా తోడికోడలు. అలా అనుకునేవాళ్ళు చాలామంది ఉంటారు గనక చెబుతున్నాను. నాసి విత్తనాలతో నష్టపోయిన మన ఆంధ్రప్రదేశ్ రైతులే జాతీయ విత్తన సంస్థ మీద కేసులు వేస్తే, రైతు వినియోగదారుడు కాడని ఆ సంస్థ సుప్రీంకోర్టు దాకా వాదించింది. 2012 జనవరిలో సుప్రీంకోర్టు ఆ వాదన కొట్టేసింది. బతుకుతెరువు కోసం స్వయంగా వాడుకునే యంత్రం కొన్నవాడు వినియోగదారుడే అని చట్టంలోనే ఉంది. డ్రైవర్లని పెట్టి బళ్ళు అద్దెకి తిప్పే వ్యాపారమైతే వాదన వేరు. సొంత పొలంలో మా ఆయనే నడిపే బండికి ఆ బెంగ లేదు.

2019 చట్టం వచ్చాక మనం ఉన్న జిల్లాలోనే ఫిర్యాదు చెయ్యొచ్చు, కంపెనీ ఆఫీసు ఏ నగరంలో ఉన్నా సరే. మా వాళ్ళకి శ్రీకాకుళంలోనే జిల్లా కమిషన్ ఉంది. అయిదు లక్షల లోపు కొనుగోలుకి ఫీజు లేదు, అయిదు నుంచి పది లక్షల దాకా 200 రూపాయలు. డబ్బాడు ఇంజినాయిలు కూడా రాదు ఆ డబ్బుకి! లాయరు తప్పనిసరి కాదు. గడువు రెండేళ్ళు. అంతకన్నా ముందు 1915కి ఫోను చేస్తే తెలుగులోనే మాట్లాడతారు, ఫిర్యాదు రాసుకుని నంబరిస్తారు. బండి అప్పగించిన రోజే తేదీ, అవర్ మీటరు అంకె, చెడిపోయినది ఏమిటో రాసిన జాబ్ కార్డు అడిగి తీసుకోండి. ఇవ్వనంటే అక్కడే ఫోనులో ఫొటో తియ్యండి. ఈ పని మగవాళ్ళకి వదిలెయ్యకండి. వాళ్ళకి టీ ఇచ్చేస్తారు.

నేను అడుగుతున్నవి గొంతెమ్మ కోరికలు కావు. బండి తీసుకున్నప్పుడు ఏ రోజుకి ఇస్తారో కాగితం మీద రాయాలి. ఆ రోజు దాటితే షెడ్డులో ఉన్నన్ని రోజులూ వారంటీకి కలపాలి. ఇప్పుడేమో బండి వాళ్ళ దగ్గరున్నా వారంటీ రోజులు కరిగిపోతూనే ఉంటాయి. దమ్ము రోజుల్లో అయితే బదులు బండి ఇవ్వాలి. ఇది విని షోరూములో ఒకతను నవ్వాడట. నవ్వాల్సింది ఏముంది? మా అత్తయ్య అంటారు, “ఎద్దుకి కాలు బెణికితే పక్కోలు ఆళ్ళ ఎద్దునిచ్చీవోరు. ఆళ్ళకి అవసరమైతే మనం ఇచ్చీవోలం” అని. చేతిలో పైసా లేని రోజుల్లో ఊళ్ళో రైతులు చేసుకోగలిగిన సాయం, వరసగా బళ్ళు నిలబెట్టుకుని అమ్మే షోరూము చెయ్యలేదా? ఆ బళ్ళలో ఒకటి నెల రోజులు బదులుకి తిరిగితే కంపెనీ మునిగిపోతుందా?

అలాగని ఎడ్ల కాలమే బాగుందనే మాట నేను అనను. ఎడ్లకి కుడితీ గడ్డీ పెట్టి, పేడ ఎత్తి నడుములు పోగొట్టుకున్నది మా అత్తయ్యలే. బండి రావాల్సిందే. బండితో పాటు దాన్ని బాగుచేసేవాడు కూడా రావాలి.

ఆగస్టులో ఈ మూడు కోరికలూ, 20,255 లెక్కా రాసి షోరూముకీ కంపెనీకీ రిజిస్టరు పోస్టులో పంపాను. అందినట్టు కార్డులు తిరిగొచ్చాయి, జవాబు రాలేదు. సెప్టెంబరు 22 నుంచి ట్రాక్టర్ల మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5కి తగ్గింది. మేము కొన్నది 12 ఉన్నప్పుడు, అది మా రాత. దసరా ముందు షోరూము నుంచి ఫోనొచ్చింది. జీఎస్టీ తగ్గింది మేడం, మీ వాళ్ళెవరైనా కొనేవాళ్ళుంటే చెప్పండి, గిఫ్టు కూడా ఉంది అని ఒకమ్మాయి. పాపం ఆ పిల్లనేమంటాం! నా ఉత్తరం సంగతి అడిగాను. “సార్ ఉన్నారా మేడం?” అంది.

కోతలవగానే శ్రీకాకుళం వెళ్తున్నాం. బిల్లు, వారంటీ పుస్తకం, పోస్టు రసీదులు, అద్దె ట్రాక్టరాయన రాసిచ్చిన చీటీ ఫైలులో పెట్టాను. జాబ్ కార్డు నకలు వాళ్ళివ్వలేదు, మా అబ్బాయి ఫోనులో తీసిన ఫొటో ప్రింటు వేయించాలి.