చిన్నచూపు ఎవరిది?

పాశమైలారం పారిశ్రామికవాడలో షిఫ్టు మారే వేళ ఒకే గేటు నుంచి పర్మనెంట్ వాళ్లూ, కాంట్రాక్ట్ వాళ్లూ కలిసే బయటికొస్తారు. చాలాచోట్ల పని ఇంచుమించు ఒకటే; జీతం వేరు, పిలుపు వేరు. ఏళ్ల తరబడి అదే మిషన్ మీద చేసినా కాంట్రాక్టర్ మారితే మళ్లీ కొత్తవాడే. అలాంటి మనిషి డ్యూటీ మానేసి, గదిలో గోడవైపు తిరిగి పడుకుని, "నాతోని ఏం గాదు, నేను దేనికీ అక్కరకు రాను" అన్నాడనుకోండి. తన మీద తనకున్న చిన్నచూపే అతణ్ని డిప్రెషన్‌లోకి దించిందా? లేక డిప్రెషనే ఆ మాట అనిపిస్తోందా?

చిన్నచూపే ముందు అనేవాళ్ల వాదనకు బలముంది. తన గురించి, లోకం గురించి, రేపటి గురించి మనిషి వేసుకునే చెడు అంచనాలే కుంగుబాటును పోషిస్తాయని మనోవైద్యుడు ఆరన్ బెక్ 1967లోనే రాశాడు. 2013లో సోవిస్లో, ఆర్త్ అనే పరిశోధకులు 77 అధ్యయనాలను కలిపి చూశారు. తక్కువ ఆత్మగౌరవం తర్వాతి డిప్రెషన్ మీద చూపే ప్రభావం, డిప్రెషన్ ఆత్మగౌరవం మీద చూపేదానికి దాదాపు రెట్టింపని తేలింది.

అయితే ఆ రెండూ చిన్న ప్రభావాలే. పైగా "పనికిరాను" అనిపించడం డాక్టర్లు చూసే డిప్రెషన్ లక్షణాల్లోనే ఒకటి. లక్షణాన్నే కారణమనుకునే ప్రమాదం ఉంది. జబ్బు మిగిల్చే మచ్చ కూడా తక్కువది కాదు. పోయిన డ్యూటీలు, పెరిగిన అప్పు, ఇంట్లోవాళ్ల విసుగు చూశాక ఎవరికైనా తన మీద గురి తగ్గుతుంది.

ఈ రెండు వాదనలూ గేటు బయటి సంగతి మరిచిపోతాయి. ఆస్ట్రియాలోని మరియెంతాల్‌లో బట్టల మిల్లు మూతపడ్డాక ఖాళీ సమయం పెరిగినా, జనం లైబ్రరీ పుస్తకాలు తీసుకోవడం తగ్గించేశారని 1933 నాటి అధ్యయనం చెప్పింది. పని పోతే దానితోపాటు మనసు కూడా ముడుచుకుంది. అలాగని నెపమంతా పరిస్థితుల మీదికే నెట్టలేం. ఒకే కాంట్రాక్టర్ కింద పనిచేసే వాళ్లంతా కుంగిపోరు. పర్మనెంట్ ఉద్యోగికీ డిప్రెషన్ వస్తుంది.

లెక్క చూస్తే తూకం కాస్త మొదటి వాదన వైపే మొగ్గుతుంది. కానీ దాన్ని పట్టుకుని "ధైర్యం తెచ్చుకో" అంటే తప్పంతా అతని నెత్తిన రుద్దినట్టే. ముందు అడగాల్సింది నిద్ర, తిండి, పని మీద ఆసక్తి గురించి. అవి తప్పి రెండు వారాలు దాటితే డాక్టర్‌కు చూపించాలి. మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416 ఉంది. మందులూ, కౌన్సెలింగూ పనిచేస్తాయి. కానీ దినకూలీ లెక్కన బతికే మనిషికి ఆసుపత్రికి వెళ్లిన రోజు డ్యూటీ కోత పడుతుంది. ఆ కోత ఉన్నంతకాలం చిన్నచూపు అతనొక్కడిదే అనడం న్యాయం కాదు.