చేతికో చుట్టకుదురు



మీలో సైకిలు తొక్కుకుంటూ బడికి పోయేవారు చాలామంది ఉంటారు. సైకిలుకు ఏమేమి సరిగా ఉండాలని అడిగితే, చక్రాలలో గాలి, బ్రేకులు, బెల్లు అని గబగబా చెప్పేస్తారు. "మరి తొక్కేవాడి చేతుల సంగతేమిటి?" అంటే ఎవరూ పలకరు. ఒకప్పుడు నేనూ పలకనివాణ్ణే. నాకు ఆ పాఠం చెప్పినవాడు ఒక తొమ్మిదో తరగతి కుర్రవాడు.

ఖమ్మం నుంచి సత్తుపల్లి పోయే దారిలో ఉన్నది మా పెనుబల్లి. ఒక పక్క లంకాసాగర్ నీటితో పండే పొలాలు, మామిడితోటలు. మరొక పక్క అడవి. తారురోడ్డు దిగితే చాలు, కంకర తేలిన బాటలు. నేను హెడ్మాస్టరుగా పనిచేసే రోజులలో అడవి అంచున ఉన్న ఒక గూడెం నుంచి ఈ కుర్రవాడు రోజూ సైకిలు మీద బడికి వచ్చేవాడు. పోను ఎనిమిది కిలోమీటర్లు, రాను ఎనిమిది. వాడి దస్తూరి ముత్యాలు పేర్చినట్టుండేది. అటువంటిది, దసరా సెలవులు పోయాక కొన్నాళ్ళకు, వాడి రాత కోడి కెలికినట్టు తయారయింది.

నాకు కోపం వచ్చింది. "ఏమిరా, తొమ్మిదిలోకి వచ్చేసరికి అంత నిర్లక్ష్యమా?" అని అందరి ముందూ చివాట్లు పెట్టి, పాఠం పదిసార్లు రాసుకు రమ్మన్నాను. వాడు తల వంచుకుని వెళ్ళిపోయాడు. మర్నాడు మూడుసార్లు మాత్రం రాసి తెచ్చాడు. మిగిలినది ఏదని అడిగితే, "కలం పట్టు తప్పుతున్నది సార్. చిటికెన వేలు నాది కానట్టే ఉన్నది" అన్నాడు.

అప్పుడు గాని నాకు బుద్ధి రాలేదు. వాడి సైకిలు చూద్దామని బయటికి వెళ్ళాను. అది వాళ్ళ నాన్న తొక్కి తొక్కి వదిలిన పాత బండి. హ్యాండిలుకు గ్రిప్పులు ఎప్పుడో ఊడిపోయినవి. పట్టుకోవడానికి ఉన్నది ఒట్టి ఇనుపగొట్టమే. సీటు ముక్కు కిందికి వాలి ఉన్నది. దాని మీద కూర్చుంటే మనిషి ముందుకు జారి, ఒంటి బరువంతా అరచేతుల మీద పడుతుంది. డాక్టరుగారికి చూపిస్తే, "నరం నలిగింది. చేతిమీద ఒత్తిడి పడకుండా చూడండి, తగ్గుతుంది" అన్నారు. నెలన్నరపాటు వాడు తోటివాడి సైకిలు వెనక కూర్చుని వచ్చాడు. వేళ్ళు మళ్ళీ దారికి వచ్చినవి. నేను వాణ్ణి తిట్టినది అందరి ముందు గనుక, నా పొరపాటు ఒప్పుకున్నదీ అందరి ముందే. రాయలేనివాణ్ణి రాయనివాడనుకుని శిక్షించానే అన్న బాధ మాత్రం ఇప్పటికీ పోలేదు.

ఇంతకూ ఏ నరం నలిగింది? ఆ నరం మీ అందరికీ పరిచయమే. మోచెయ్యి గోడకు తగిలినప్పుడు చిటికెన వేలిదాకా జివ్వుమంటుంది చూడండి, అదే! దానిని అల్నార్ నరం అంటారు. అది మోచేతి వెనకగా దిగి, మణికట్టు దాటి, అరచేతిలోకి వస్తుంది. అరచేతి మొదట, చిటికెన వేలి వైపున నొక్కి చూడండి. బఠానీగింజంత ఎముక ఒకటి తగులుతుంది. దాని పక్కన ఉన్న ఇరుకు సందులో నుంచి ఈ నరం పోతుంది. ఆ సందును 1861లో గుయాన్ అనే ఫ్రెంచి వైద్యుడు వర్ణించాడు గనుక దానికి ఆయన పేరే పెట్టారు. చిటికెన వేలికీ, ఉంగరపు వేలిలో సగానికీ స్పర్శ తెలిసేది ఈ నరంవల్లనే. కలం పట్టుకునేటప్పుడు పనిచేసే చిన్న చిన్న కండరాలు చాలావాటిని ఆడించేదీ ఇదే. హ్యాండిలు సరిగ్గా ఆ చోటనే గంటల తరబడి నొక్కితే ఏమవుతుందో ఇప్పుడు మీరే చెప్పగలరు.

దీనికి ఉపాయం మీ అమ్మమ్మకు ఏనాడో తెలుసు. నీళ్ళబిందె నెత్తిన పెట్టుకునే ముందు ఆవిడ ఏం చేస్తుంది? గుడ్డను చుట్టగా చుట్టి నెత్తిన పెట్టుకుంటుంది. అదే చుట్టకుదురు. దానివల్ల బిందె బరువు తగ్గదు. కాని ఆ బరువు ఒక్కచోట గుచ్చకుండా నలుగువైపులా పరుచుకుంటుంది. లెక్క వేసి చూద్దాం. అరచేతి మీద 5 కిలోల బరువు పడుతున్నదనుకోండి. అది 5 చదరపు సెంటీమీటర్ల చోటులోనే పడితే, ఒక్కొక్క చదరపు సెంటీమీటరు ఒక కిలో మొయ్యాలి. అదే బరువు 20 చదరపు సెంటీమీటర్లకు పరుచుకుంటే, ఒక్కొక్కటి పావుకిలో మోస్తే చాలు. సైకిలు చేతితొడుగు, అంటే గ్లౌజు, మన చేతికి చుట్టకుదురు అన్నమాట.

కంకరబాట మీద ఎగిరిపడే బాధ మనకే కాదు, అందరికీ ఉండేది. బెల్‌ఫాస్ట్ నగరంలో డన్‌లప్ అనే పశువైద్యుడు 1887లో తన కొడుకు మూడు చక్రాల బండి కుదుపులు లేకుండా నడవాలని, చక్రాలకు గాలి నింపిన రబ్బరు గొట్టాలు అమర్చాడు. 1888లో దానికి పేటెంటు తీసుకున్నాడు. అంతకుముందే 1845లో థామ్సన్ అనే ఆయన ఈ ఆలోచనకు పేటెంటు పొందినా, జనం వాడుకలోకి వచ్చినది డన్‌లప్ తరవాతనే. చక్రానికి గాలి ఎటువంటిదో, చేతికి మెత్త అటువంటిది.

అయితే పరుగెత్తుకు వెళ్ళి గ్లౌజులు కొనకండి. ముందు సైకిలు చూసుకోండి. గ్రిప్పులు అరిగిపోతే కొత్తవి వేయించండి. గ్లౌజులకంటే ముందు పెట్టవలసిన ఖర్చు అదే. సీటు ముక్కు కిందికి వాలకుండా సమంగా బిగించమనండి. తొక్కేటప్పుడు మోచేతులు కర్రల్లా బిగబట్టక కాస్త వంచండి. అప్పుడప్పుడు చేతుల పట్టు మార్చండి. ఇంత చేసినా చేతులు తిమ్మిరెక్కుతుంటే, అప్పుడు గ్లౌజుల మాట ఆలోచించాలి.

దుకాణంలో ఈ అయిదు పరీక్షలు చెయ్యండి.

మొదటిది, కొలత. బొటనవేలు వదిలేసి, వేళ్ళ కణుపుల కింద అరచేతి చుట్టూ దారం చుట్టి, స్కేలు మీద కొలుచుకుని పోవాలి. తొడిగాక పిడికిలి బిగిస్తే కుట్లు లాగకూడదు. చెయ్యి చాపితే అరచేతిలో ముడతలు పడకూడదు.

రెండవది, మెత్త. మందంగా ఉంటే మంచిదనుకోవడం పొరపాటు. మరీ మందమైనది ముద్దకట్టి, హ్యాండిలు చేతికి అందకుండా చేస్తుంది. అప్పుడు ఇంకా గట్టిగా పట్టుకోవలసి వస్తుంది. వేలితో నొక్కి వదిలితే వెంటనే పైకి లేవాలి. ఆ మెత్త నేను చెప్పిన బఠానీ ఎముక దగ్గర ఉన్నదో లేదో చూడండి.

మూడవది, కుట్టు. లోపలివైపు తిప్పి చూడండి. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్యనే మొదట చిరుగుతుంది. అక్కడ రెండువరసల కుట్టు, పైన ఇంకొక పొర ఉంటే చాలాకాలం వస్తుంది.

నాలుగవది, గాలి. మన ఎండలకు సగం వేళ్ళవే హాయి. చేతి పైభాగం జాలీగుడ్డ అయితే చెమట ఆరుతుంది.

అయిదవది, పట్టు. తొడుక్కుని బ్రేకు నొక్కి చూడండి. జారితే ఎంత చవకైనా వద్దు.

ధర సంగతి కూడా లెక్క ప్రకారమే చూడాలి. వంద రూపాయల జత నాలుగు నెలలకే చిరిగిపోతే నెలకు ఖర్చు 25 రూపాయలు. 240 రూపాయల జత రెండేళ్ళు వస్తే నెలకు 10 రూపాయలే. ఏది చవక?

అంత డబ్బు చేతిలో లేనివారు కూలిపనికి వాడే నూలు గ్లౌజులు తీసుకుని, అరచేతి లోపల పాత గుడ్డ రెండు మడతలు వేసి కుట్టుకోవచ్చు. వేళ్ళు కత్తిరిస్తే మాత్రం అంచు మడిచి కుట్టండి. లేకపోతే అల్లిక అంతా ఊడి వస్తుంది. ఒట్టి నూలు హ్యాండిలు మీద జారుతుంది గనుక, అరచేతివైపు రబ్బరు పూత ఉన్నవి ఎంచుకోండి. గ్లౌజులను సబ్బునీళ్ళలో చేత్తోనే ఉతికి, మెలిపెట్టి పిండకుండా నీడన ఆరవేస్తే ఎక్కువకాలం మన్నుతవి.

ఇంకొక మాట. పడబోయేటప్పుడు మనం తెలియకుండానే చెయ్యి చాపుతాం. అప్పుడు గ్లౌజు అరచేతి చర్మాన్ని కాపాడుతుంది గాని ఎముకను కాపాడలేదు. తలకు హెల్మెట్ వేరే ఉండాలి. తిమ్మిరి కొన్నాళ్ళకు తగ్గకపోయినా, వేళ్ళు బలం తప్పుతున్నట్టు తోచినా, గ్లౌజులతో సరిపెట్టక డాక్టరుకు చూపించాలి.

అన్నిటికంటె ముందు, నొప్పి ఉంటే నోరు విప్పి చెప్పండి. "నేను చెప్పి ఉంటే మీరు నమ్మేవారా సార్?" అని ఆ కుర్రవాడు తరవాత ఒకసారి నన్నడిగాడు. నా దగ్గర జవాబు లేకపోయింది. అందుకే ఈ పుటను మీ పంతులుగారికీ, మీ నాన్నగారికీ కూడా చదివి వినిపించండి.

ఈ ఆదివారం మీ సైకిలు గ్రిప్పులు, సీటు ఒకసారి పరీక్ష చెయ్యండి. మీ పక్కింటివాడి సైకిలు కూడా చూడండి. వాడికి చెప్పడం తెలియకపోవచ్చు.