జంధ్యాల మార్కు అంటే ఎవరి మార్కు?

‘జంధ్యాల మార్కు హాస్యం’ అనే మాటతో నాకు పేచీ ఉంది. జంధ్యాలతో కాదు, ఆ మాటతోనే. తెలుగు సినిమా హాస్యం మీద ఎవరు వ్యాసం మొదలుపెట్టినా మూడో పేరా లోపే ఈ మాట దిగుతుంది. దాని వెనకే ‘చంటబ్బాయ్’లోని అరటికాయ లంబా లంబా వస్తుంది. ‘శ్రీవారికి ప్రేమలేఖ’లో టైటిల్స్ దగ్గర్నుంచీ సినిమా కథ చెప్పే ఆవిడా వస్తుంది. పొగడ్త మొత్తం డైరెక్టర్ ఖాతాలో పడుతుంది. ఆ వంటకం పేరు పలికింది, ఆ కథ చెప్పింది శ్రీలక్ష్మి అని బ్రాకెట్లో వేస్తే వేస్తారు, లేకపోతే అదీ లేదు.

దీన్ని మతిమరుపు అనలేం. ఇది అలవాటు. రాసినవాడిది కళ, పలికినవాళ్లది పనితనం అని సాహిత్యం చదివేవాళ్లం మనకి మనమే చెప్పుకున్నాం. పలికింది ఆడమనిషైతే పనితనం అని కూడా అనం. ‘భలే సహజంగా చేసేసింది’ అని ఊరుకుంటాం. వంటింట్లో అమ్మకి ఇచ్చే సర్టిఫికెట్ లాంటిదే ఇదీ.

శ్రీలక్ష్మి ఊరికే దొరికిన మనిషి కాదు. తండ్రి అమర్‌నాథ్ 1950ల్లో హీరో, ‘అమర సందేశం’ (1954) ఆయనదే. సోదరుడు రాజేశ్ ‘ఆనంద భైరవి’ హీరో. ఇంటి బరువు మీద పడటం వల్లే నటనలోకి వచ్చానని ఆమే ఇంటర్వ్యూల్లో చెప్పింది. హాస్యం ఆమె కోరి ఎంచుకున్న దారి కాదు, బతకడానికి దొరికిన దారి. ఆ దారిలో ఆమె చేసిన పనేమిటో సరిగ్గా చూద్దాం.

‘చంటబ్బాయ్’ (1986) రచయిత్రి పాత్ర తీసుకోండి. కాగితం మీద అదొక ఎగతాళి. 80ల్లో వారపత్రికలకు కవితలూ వంటలూ పంపే ఆడవాళ్ల మీద మగ ఎడిటర్లు వేసుకునే జోకు. ఇంకెవరైనా అయితే ఆ పాత్రను వెర్రిబాగులదాన్ని చేసి వదిలేసేవాళ్లు. శ్రీలక్ష్మి ఏం చేసింది? ఒక్క క్షణం కూడా తను నవ్విస్తున్నట్టు తెలియనివ్వలేదు. ఆ కవిత ఆమెకు నిజంగానే గొప్ప కవిత. ఆ కూర నిజంగానే గొప్ప కూర. అందుకే భయపడాల్సిన వంతు ఎడిటర్‌ది అయింది. రచయిత్రిని నవ్వులపాలు చేయడానికి రాసిన సీన్లో రచయిత్రిదే పైచేయి. ఆ తిరగేసిన పని స్క్రిప్టులో ఉందా, ఆ ముఖంలో ఉందా? స్క్రిప్టు విడిగా రాసుకుని చదివి చూడండి. వంట పేరు మిగులుతుంది, నవ్వు మిగలదు.

‘కానీ ఆ డైలాగులు జంధ్యాలవేగా’ అంటారు. అవును. ఆయన ఆమె కోసం మళ్లీ మళ్లీ పాత్రలు రాశాడు, ఆ ఘనత ఆయనదే. అయితే ఎందుకు మళ్లీ మళ్లీ రాశాడు? తను రాసింది ఆ నోట్లో ఎలా పలుకుతుందో తెలుసు కాబట్టి. పలికే నోరు తెలిసి రాసిన మాటలో ఆ నోటికి వాటా ఉండదా?

ఇక్కడ అమెరికాలో ఏం జరిగిందో చూడాలి. 1951 అక్టోబరు 15న సీబీఎస్‌లో ‘ఐ లవ్ లూసీ’ మొదలైంది. లూసిల్ బాల్ అప్పటికి నలభై ఏళ్ల మనిషి, సినిమాల్లో పెద్ద స్టార్ కాలేకపోయింది. మందు సీసా పట్టుకుని ప్రకటన రిహార్సల్ చేస్తూ, అందులోని ఆల్కహాలు తలకెక్కి, ఆ మందు పేరే పలకలేకపోయే ఎపిసోడ్ ఒకటుంది. దాన్ని రాసింది జెస్ ఒపెన్‌హైమర్, మాడెలిన్ ప్యూ, బాబ్ కారల్. అమెరికాలో ఎవరైనా దాన్ని ‘ఒపెన్‌హైమర్ మార్కు హాస్యం’ అన్నారా? అది లూసీ సీనే. అర్థంలేని మందు పేరుతో నవ్వించిన మనిషికి అక్కడ పేరు దక్కింది, అర్థంలేని కూర పేరుతో నవ్వించిన మనిషికి ఇక్కడ బ్రాకెట్ దక్కింది.

అమెరికా వాళ్లు మనకంటే మంచివాళ్లనే భ్రమ నాకు లేదు. తేడా డబ్బులో ఉంది. లూసీ, ఆమె భర్త డెజీ ఆర్నాజ్ పెట్టిన డెసీలూ సంస్థ ఆ ఎపిసోడ్లను ఫిల్ము మీద తీసింది, హక్కులు తన దగ్గరే ఉంచుకుంది. విడాకుల తర్వాత 1962లో భర్త వాటా కొనేసి ఆమె ఆ స్టూడియోను స్వయంగా నడిపింది. ‘స్టార్ ట్రెక్’ మొదలైంది ఆ స్టూడియోలోనే. నెగటివ్ ఎవరి చేతిలో ఉంటే వాళ్ల పేరు నిలుస్తుంది. మన హాస్యనటి చేతిలో ఆ రోజు కూలి తప్ప ఏముంది? ఆమె ముఖం ఇవాళ మీమ్ అయి లక్ష ఫోన్లలో తిరుగుతుంది, కింద పేరుండదు.

మాది మార్కాపురం వైపు. గిద్దలూరు, కంభం, తర్లుపాడు చుట్టాల్లో ‘జంధ్యాల సినిమా’ అనే ఆడమనిషిని నేను చూడలేదు. ‘శ్రీలక్ష్మి ఉంటదే, ఆ సినిమా’ అంటారు. ఎవరైనా కొత్తరకం కూర చేస్తే మా పెద్దమ్మ ‘ఏందే ఇది, శ్రీలక్ష్మి కూరా?’ అంటుంది. డైరెక్టర్ ఎవరో ఆవిడకు తెలీదు. ఇంకో సంగతి, ఆ సినిమాల తెలుగు మా తెలుగు కాదు. అది కోస్తా మధ్యతరగతి ఇళ్ల తెలుగు, అదీ పరుగులు తీసే తెలుగు. మా ‘యాడికి’, ‘ఎట్టా’ అందులో లేవు. శ్లేషలు సగం మా వాళ్లకు అందవు. అయినా నవ్వారు. మాట అందకముందే ముఖం అందింది కాబట్టి నవ్వారు. ఆ నవ్వు ఎవరి పనో మా పెద్దమ్మకు తెలిసింది, వ్యాసాలు రాసే మనకు తెలియలేదు.

ఈ రోగం ఒక్క శ్రీలక్ష్మితో ఆగలేదు. 2001లో జెమినీలో మొదలైన ‘అమృతం’ మనకున్న అసలైన సిట్‌కామ్. అంజి, అప్పాజీ, సర్వం అంటూ మీమ్స్ చేసుకుంటాం. అందులోనే చేసిన ఝాన్సీ, రాగిణి టైమింగ్ గురించి ఎన్ని వాక్యాలు చదివారు మీరు? 2025లో ‘సంక్రాంతికి వస్తున్నాం’లో ఐశ్వర్యా రాజేశ్ భార్య పాత్రకు హాళ్లు ఊగిపోయాయి. ఆమె రాజేశ్ కూతురు, శ్రీలక్ష్మి మేనకోడలు. హీరోల వారసత్వాన్ని తాతల దాకా లెక్కగట్టే మనం ఈ వారసత్వం గురించి ఎంత మాట్లాడాం?

2012లో కాపీరైటు చట్టాన్ని సవరించినప్పుడు, ప్రదర్శన ఇచ్చినవాళ్లకు తమ ప్రదర్శన తమదేనని గుర్తింపు కోరే హక్కుందని రాసుకున్నారు. చట్టసభకు తట్టిన విషయం విమర్శకులకు తట్టకపోవడం సిగ్గుచేటు. రాయల్టీల పోరాటం మన చేతిలో లేదు. వాక్యం మన చేతిలో ఉంది.

కాబట్టి నేను అడిగేది చిన్నదే. ఇకమీదట ‘జంధ్యాల శ్రీలక్ష్మితో నవ్వించాడు’ అని రాయకండి. ‘జంధ్యాల రాశాడు, శ్రీలక్ష్మి నవ్వించింది’ అని రాయండి. ఆమెను బ్రాకెట్లోంచి తీసి కర్త స్థానంలో కూర్చోబెట్టండి.